యూజర్ స్టోరీ రాయాలా, యూజ్ కేస్ రాయాలా: బెంగళూరు టీముల కోసం ఒక పోలిక

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టీములు రిక్వైర్‌మెంట్లను, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలన్న వివరాలను, ఏ రూపంలో రాసుకోవాలో కూర్చుని ఆలోచించి నిర్ణయించుకోవడం తక్కువ. యూజర్ స్టోరీ అంటే ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పే చిన్న కార్డు; యూజ్ కేస్ అంటే ఒక పని ఎలా జరగాలో అంచెలంచెలుగా, ఎక్కడ దారి తప్పవచ్చో సహా రాసే పత్రం. ఔటర్ రింగ్ రోడ్డు మీది ప్రొడక్ట్ కంపెనీలో పనిచేసేవారు, టీము పనులను నమోదు చేసుకునే జిరా సాఫ్ట్‌వేర్‌లో ‘స్టోరీ’ అన్న రకం సిద్ధంగా ఉంటుంది కాబట్టి స్టోరీ రాస్తారు. ఎలక్ట్రానిక్ సిటీలో బ్యాంకు ప్రాజెక్టు చేస్తున్నవారు క్లయింటు పంపిన వర్డ్ టెంప్లేటులో యూజ్ కేస్ అన్న శీర్షిక ఉంటుంది కాబట్టి యూజ్ కేస్ రాస్తారు. ఉద్యోగం మారినవారు పాత కంపెనీ అలవాటును కొత్త చోటికి తెచ్చుకుంటారు. ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు అన్ని ప్రాజెక్టులకూ సరిపడే జవాబు లేదు గాని, మీ ప్రాజెక్టుకు ఏది తగినదో తేల్చుకోవడానికి మొదట అడగవలసిన ప్రశ్న మాత్రం ఒకటి ఉందని నా అభిప్రాయం. కోడ్ రాస్తున్న మనిషికి సందేహం వచ్చినప్పుడు, దాన్ని తీర్చే అధికారం ఉన్న మనిషి ఎంత దూరంలో ఉన్నారు? పత్రం పొడవు, ఎస్టిమేషన్‌లో సౌలభ్యం, టెస్టింగ్‌కు ఉపయోగం వంటి తేడాలన్నీ దీని తర్వాతే లెక్కకు వస్తాయి.

రెండు పద్ధతులూ పుట్టిన చోట్లు

యూజ్ కేస్‌ను రూపొందించిన ఇవార్ జాకబ్‌సన్ స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవారు. 1987లో ఊప్స్‌లా అనే ప్రోగ్రామింగ్ సదస్సులో ఈ పద్ధతిని వివరించారు. 1992లో ఆయన రాసిన పుస్తకం తర్వాత అది పరిశ్రమలో బాగా వ్యాపించింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాల్ సజావుగా కలిసే దారి ఒక్కటే. కలవని దారులు మాత్రం అనేకం. అవతలి లైను బిజీగా ఉండవచ్చు, ఎవరూ ఎత్తకపోవచ్చు, నంబరు సగం నొక్కి ఫోను పెట్టేయవచ్చు, మాట్లాడుతుండగా లైను తెగిపోవచ్చు. పనిలో ఎక్కువ భాగం ఈ పక్కదారుల్లోనే ఉంటుంది కాబట్టి, ఒక ప్రధాన మార్గాన్ని అంచెలంచెలుగా రాసి, ఏ అంచె దగ్గర ఏ చీలిక రావచ్చో దాని కిందే నమోదు చేసే పద్ధతి అక్కడివారికి సహజమైన అవసరం. ఆ పత్రం చదివేవారు అనేకమంది కనుక, రాసినవారు పక్కన లేకపోయినా అది అర్థం కావాలి.

యూజర్ స్టోరీ పుట్టిన వాతావరణం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 1990ల చివర కెంట్ బెక్, ఆయన సహచరులు క్రైస్లర్ కంపెనీ జీతాల ప్రాజెక్టులో పనిచేస్తూ తీర్చిదిద్దిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో, కస్టమరు తరఫు మనిషి ప్రోగ్రామర్లతోపాటు ఒకే చోట కూర్చుని ఉండాలన్నది ఒక నియమం. ఆ మనిషి పక్కనే ఉన్నప్పుడు పొడవైన పత్రం అవసరం లేదు; ఏ విషయం గురించి మాట్లాడుకోవాలో గుర్తుచేసే చిన్న కార్డు చాలు. 2001లో రాన్ జెఫ్రీస్ ఈ సంగతినే మూడు భాగాలుగా చెప్పారు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. ఫలానా పాత్రలో ఉన్న నాకు ఫలానా ప్రయోజనం కోసం ఫలానా పని కావాలి అనే వాక్య నమూనా కూడా అదే కాలంలో లండన్‌లోని కనెక్స్‌ట్రా కంపెనీ టీములో రూపుదిద్దుకుంది. నేటి టీములు ఆ వాక్య నమూనాను శ్రద్ధగా నిలుపుకున్నాయి, కార్డును జిరాలోకి మార్చుకున్నాయి, కాని మధ్యలో ఉన్న సంభాషణను మాత్రం చాలాచోట్ల వదిలేశాయి. సంభాషణ లేని స్టోరీ అసంపూర్ణమైన రిక్వైర్‌మెంటు; దాన్ని తక్కువ రాతతో పని జరిపించే సులువైన మార్గంగా భావించి ఎంచుకోవడం సరికాదు.

ఒకే పనిని రెండు విధాలుగా రాసి చూద్దాం

బీటీఎం లేఅవుట్‌లోనూ మారతహళ్లిలోనూ మన తెలుగువారు నడిపే పీజీలు (ఉద్యోగులు అద్దెకుండే, భోజనం కూడా పెట్టే వసతిగృహాలు) వీధివీధినా కనబడతాయి. అటువంటి పీజీల యజమానుల కోసం ఒక టీము అద్దె వసూలు యాప్ తయారుచేస్తోందని అనుకుందాం. ప్రతి నెల 5వ తేదీలోగా అద్దె కట్టాలి, ఆ తర్వాత కడితే లేట్ ఫీజు పడుతుంది. స్టోరీ ఇలా ఉంటుంది:

“పీజీలో ఉండే ఉద్యోగిగా, 5వ తేదీలోపు కట్టినట్టు మేనేజరుకు చూపించగలిగేలా, నెల అద్దెను నా ఫోను నుంచే యూపీఐ ద్వారా కట్టి వెంటనే రసీదు పొందాలి.”

ఇది మంచి స్టోరీయే. ఎవరికి కావాలో, ఎందుకు కావాలో తెలుస్తోంది. ఒక స్ప్రింట్‌లో, అంటే టీము పెట్టుకునే ఒక చిన్న పని విడతలో, పట్టే పరిమాణంలో ఉంది. ప్రాధాన్యం నిర్ణయించడానికి మరేమీ అక్కరలేదు. దీని కింద టీము సాధారణంగా రెండు మూడు యాక్సెప్టెన్స్ క్రైటీరియాలు (పని పూర్తయిందని ఒప్పుకోవడానికి తీరవలసిన షరతులు) రాస్తుంది: చెల్లింపు విజయవంతమైతే రసీదు రావాలి, విఫలమైతే ఆ సంగతి చెప్పాలి, మేనేజరు తెర మీద బకాయి తగ్గాలి. ఇప్పుడు ఇదే పనిని యూజ్ కేస్‌గా చూద్దాం.

పేరు: నెల అద్దె చెల్లింపు
ప్రధాన పాత్ర: అద్దెదారు
ఇతర పాత్రలు: పీజీ మేనేజరు, పేమెంట్ గేట్‌వే (చెల్లింపును యాప్‌కూ బ్యాంకుకూ మధ్య నడిపే సేవ)
ముందు షరతు: అద్దెదారు లాగిన్ అయి ఉన్నారు, ఈ నెల బకాయి ఉంది.
1. అద్దెదారు ఈ నెల బకాయిని తెరుస్తారు.
2. సిస్టమ్ అద్దెను, కరెంటు ఛార్జీని విడివిడిగానూ కలిపీ చూపిస్తుంది.
3. అద్దెదారు యూపీఐని ఎంచుకుని, తన పేమెంట్ యాప్‌లో పిన్ నమోదు చేస్తారు.
4. డబ్బు అందిందని గేట్‌వే సిస్టమ్‌కు తెలియజేస్తుంది.
5. సిస్టమ్ బకాయి తీరినట్టు నమోదు చేసి, రసీదు జారీ చేసి, మేనేజరుకు తెలుపుతుంది.

చీలికలు:
3అ. బ్యాంకు తిరస్కరించింది: సిస్టమ్ కారణం చూపిస్తుంది; బకాయి అలాగే ఉంటుంది.
4అ. నిర్ణీత సమయంలో గేట్‌వే నుంచి జవాబు రాలేదు: సిస్టమ్ ఆ చెల్లింపును ‘నిర్ధారణ కావలసి ఉంది’ అని నమోదు చేస్తుంది, అదే బకాయిని మళ్లీ కట్టబోతే హెచ్చరిస్తుంది, గేట్‌వేను స్థితి అడుగుతూ ఉంటుంది.
4ఆ. నిర్ధారణ రాకముందే మేనేజరు నగదు తీసుకున్నారు, ఆ తర్వాత నిర్ధారణ వచ్చింది: అదనపు మొత్తం వచ్చే నెలకు జమ కావాలా, తిరిగి ఇవ్వాలా? యజమాని నిర్ణయించాలి.

4అ దగ్గర కాసేపు ఆగడం అవసరం. ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారి వైపు నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపుల విషయంలో, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతట అదే ఖాతాకు తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. అంటే 5వ తేదీ రాత్రి కట్టిన అద్దె 10వ తేదీ వరకు అందకుండా, పోకుండా మధ్యలో నిలిచి ఉండే అవకాశం ఉంది. ఆ రోజులకు లేట్ ఫీజు వేయాలా వద్దా? డబ్బు 10న తిరిగి వచ్చాక మళ్లీ కట్టడానికి ఎన్ని రోజుల గడువు ఇవ్వాలి? ‘విజయం, వైఫల్యం’ అన్న రెండు స్థితులతో మొదలైన స్టోరీలో ఈ ప్రశ్నలకు చోటే లేదు, ఎందుకంటే మూడో స్థితి ఒకటి ఉందని ఎవరూ అడగలేదు. డేటాబేస్ పట్టికలో ఆ మూడో స్థితిని మొదటి వారంలోనే పెట్టడం చిన్న పని. రసీదులు, లేట్ ఫీజు, నెలవారీ లెక్కలు అన్నీ రెండు స్థితుల మీద కట్టుకున్నాక దాన్ని చేర్చడం పెద్ద పని.

అంచెలకు అంకెలు వేయడం వల్ల కలిగే మేలు మరొకటి ఉంది. ఇంజినీరు కాని మనిషికి స్టోరీ చదివి వినిపిస్తే బాగుంది అని ఊరుకుంటారు. అంచెలను ఒక్కొక్కటిగా తెలుగులో చెబుతూ పోతే, నాలుగో అంచె దగ్గర పీజీ మేనేజరు తానుగా అడ్డుపడతారు: “అన్నా, పిల్లోడు డబ్బులు కట్ అయినాయంటాడు, నాకేమో మెసేజ్ రాదు. అప్పుడు గది తాళం ఇయ్యాల్నా వద్దా?” చీలికలు దొరికేది ఇటువంటి అడ్డుమాటల్లోనే. వరుస ముందుంటే తప్ప ఆ మాట అనడానికి ఆయనకు పట్టు దొరకదు.

స్టోరీ స్పష్టంగా మెరుగైన సందర్భాలు

పై ఉదాహరణ చూసి అన్నిటికీ యూజ్ కేస్ రాయాలని అనుకోవడం పొరపాటు. అదే యాప్‌లో ‘రేపు రాత్రి భోజనం వద్దు’ అని అద్దెదారు ముందుగా తెలిపే సౌకర్యం పెట్టాలన్న ఆలోచన వచ్చిందనుకోండి. శుక్రవారం రాత్రి సగంమంది అనంతపురం, కర్నూలు, తిరుపతి బస్సులు ఎక్కేస్తారు. వంటాయనకు ముందే తెలిస్తే బియ్యం తగ్గించి వేస్తారు. ఆలోచన బాగుంది గాని, ఆ బటన్‌ను ఎవరైనా నిజంగా నొక్కుతారో లేదో ఎవరికీ తెలియదు. దీనికి చీలికలన్నీ ఊహించి పత్రం రాయడం కంటే రెండు వాక్యాల స్టోరీతో చిన్న రూపం తయారుచేసి, ఒక్క పీజీలో పెట్టి చూడడం మేలు. వాడకపోతే తీసేయవచ్చు, పోయేది కొద్దిపాటి కోడ్, రెండు వాక్యాల రాత.

కాబట్టి అనిశ్చితి ఎక్కడుందన్నది దూరం తర్వాత చూడవలసిన రెండో విషయం. ఏది కట్టాలో తెలియని చోట, దేనికి ముందు విలువ ఉందో తేలని చోట స్టోరీ కావాలి. ఏది కట్టాలో తెలిసి, అది ఎన్ని విధాలుగా తప్పవచ్చో తెలియని చోట యూజ్ కేస్ కావాలి. కోరమంగళలోనో హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లోనో పదిమంది ఒకే గదిలో కూర్చునే స్టార్టప్‌లో వ్యవస్థాపకులు పక్క బల్ల దగ్గరే ఉంటారు, ప్రొడక్టు దిశ నెలకొకసారి మారుతుంది. అక్కడ స్టోరీని కాదని యూజ్ కేస్ పత్రాలు పెంచుకుంటూ పోతే, మారిన దిశకు పత్రాన్ని సరిచేసే ఓపిక ఎవరికీ ఉండదు. సరిచేయని పత్రం అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, అది పత్రం లేకపోవడం కంటే ప్రమాదం.

స్టోరీ బాగుందో లేదో చూసుకోవడానికి బిల్ వేక్ 2003లో సూచించిన ఆరు లక్షణాలు, వాటి ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు కలిపిన ఇన్వెస్ట్ అన్న పేరుతో ఈ రంగంలో అందరికీ తెలిసినవే. వాటిలో టెస్ట్ చేయదగినదై ఉండాలన్నది, చిన్నదై ఉండాలన్నది టీములు పాటిస్తాయి. ఒక స్టోరీ మరొకదాని మీద ఆధారపడకూడదన్న మొదటి లక్షణం మాత్రం తరచూ దెబ్బతింటుంది. తెర ఒక స్టోరీ, ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) ఒక స్టోరీ, డేటాబేస్ మార్పు ఒక స్టోరీగా చీల్చి, “సిస్టమ్‌గా నాకు ఒక పట్టిక కావాలి” అని రాసిన కార్డులు స్టోరీ వేషం వేసుకున్న టాస్కులు. వాటిని టాస్కులనే పిలిచి స్టోరీ కింద పెట్టుకోవడం మంచిది.

దూరం గురించి మరికొంత

బెంగళూరుకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. న్యూయార్క్‌కూ మనకూ మధ్య వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా ఉంటుంది. వేసవిలో వైట్‌ఫీల్డ్‌లో ఉదయం 11 గంటలకు డెవలపర్‌కు వచ్చిన సందేహం క్లయింటుకు చేరేసరికి అక్కడ రాత్రి ఒకటిన్నర. సాయంత్రం కాల్‌లో అడిగితే, అవతలివారు తమవారిని సంప్రదించి జవాబిచ్చేసరికి మరో రోజు గడుస్తుంది. సంభాషణ మీద ఆధారపడ్డ స్టోరీలో పలకకుండా మిగిలిపోయిన ప్రతి ప్రశ్నకూ ఇటువంటి చోట ఒకటి రెండు రోజులు ఖర్చవుతాయి. అన్ని రోజులు ఆగలేక డెవలపర్ తనకు తోచిన జవాబుతో కోడ్ రాసేస్తే, ఆ ఊహ ఎక్కడా నమోదు కాదు, టెస్టర్‌కూ తెలియదు. చీలికల జాబితాను ముందే రాసి ప్రశ్నలన్నీ ఒక్కసారిగా పంపితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

కస్టమరు తరఫున ఏం కట్టాలో చెప్పే ప్రొడక్ట్ ఓనర్ ఇక్కడే ఉన్నారు కదా అని కొందరు అంటారు. ఆయనకు లేదా ఆమెకు నిర్ణయాధికారం ఉందా అన్నది నిజాయితీగా చూడాలి. గడిచిన కొద్ది వారాల్లో ఆ వ్యక్తి ఎవరినీ అడగకుండా ఒక రిక్వైర్‌మెంటును మార్చిన సందర్భం ఒక్కటైనా గుర్తుకొస్తే అధికారం ఉన్నట్టే. “కన్ఫర్మ్ చేసి చెబుతాను” అన్నదే ప్రతిసారీ జవాబైతే, మీ కస్టమరు ఇంకా సముద్రానికి అవతలే ఉన్నారు. ఎంపికను ఆ దూరాన్ని బట్టే చేసుకోవాలి.

మొత్తం ధర ముందే ఖరారు చేసుకున్న ప్రాజెక్టుల్లో అయితే వాదం అక్కరలేదు. స్టోరీ ఉద్దేశపూర్వకంగానే అసంపూర్ణం కనుక ఏది ఒప్పందంలో ఉంది, ఏది లేదు అన్న వివాదం వచ్చినప్పుడు అది ఎవరి పక్షానా నిలబడదు. ఇరుపక్షాలూ ఆమోదించి సైన్ ఆఫ్ చేసిన యూజ్ కేస్ నిలబడుతుంది. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ చేసే టీముల సంగతీ దాదాపు ఇంతే. ఐఈసీ 62304 ప్రమాణం యూజ్ కేస్‌నే రాయమని చెప్పదు గాని, సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్లను పత్రబద్ధం చేసి, వాటికీ టెస్టులకూ మధ్య లంకెను చూపమని కోరుతుంది. మూసేసిన జిరా కార్డుల గుట్టతో ఆ లంకెను చూపించడం కష్టం.

కాలం గడిచాక కనిపించే తేడా

పోలికల్లో ఎక్కువగా ప్రస్తావనకు రానిది, నా దృష్టిలో ముఖ్యమైనది మరొకటి ఉంది. స్టోరీ ఒక మార్పును చెబుతుంది; యూజ్ కేస్ ఆ మార్పుల తర్వాత మిగిలిన ప్రవర్తన మొత్తాన్ని చెబుతుంది. అద్దె చెల్లింపు మీద ఏడాదిలో పదుల కొద్దీ స్టోరీలు పూర్తవుతాయి: లేట్ ఫీజు చేర్చారు, తర్వాత తొలి నెలకు మినహాయించారు, ఆ తర్వాత కరెంటు ఛార్జీని వేరుచేశారు, అటు పిమ్మట మినహాయింపును ఎత్తేశారు. నెల మధ్యలో చేరిన అద్దెదారుకు ఇప్పుడు లేట్ ఫీజు పడుతుందా అని సపోర్ట్ విభాగం అడిగితే, ఆ కార్డులన్నీ తేదీల వరుసలో చదివి మనసులో కూడికలు తీసివేతలు చేసుకోవాలి, లేదా కోడ్ తెరవాలి. ఈ ఊళ్లో ఒక టీములో నోటీసు పీరియడ్‌లో ఉన్నవారు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ కార్డుల వెనుక జరిగిన సంభాషణలు వారితోపాటే వెళ్లిపోతాయి. కొత్తగా చేరినవారి చేతికి వచ్చేది కార్డు మాత్రమే. అందుచేత ఎక్కువ కాలం బతికే ప్రొడక్టు అయితే, స్టోరీలతో నడిచే టీము కూడా ముఖ్యమైన ప్రవాహాలకు ఎప్పటికప్పుడు సరిచేసే యూజ్ కేస్ పేజీని ఉంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

టెస్టర్ల కోణంలో కూడా యూజ్ కేస్‌కు మొగ్గు ఉంటుంది, ప్రతి చీలికా నేరుగా ఒక టెస్టుగా మారుతుంది కాబట్టి. స్టోరీ పక్షాన ఈ లోటును కొంత పూడ్చేది, ఫలానా పరిస్థితిలో ఫలానాది జరిగితే ఫలానా ఫలితం రావాలి అని ఉదాహరణలతో రాసే పద్ధతి. దీన్ని డాన్ నార్త్ 2006లో రాసిన వ్యాసం ప్రచారంలోకి తెచ్చింది. అది విడివిడి సందర్భాలను చక్కగా పట్టుకుంటుంది. ఏ సందర్భం మరిచిపోయామో చెప్పదు.

రెండూ వాడదలచుకుంటే

చాలా టీములకు నేను సూచించేది రెండింటి కలయిక, కాని సగం సగం కాదు. ముందుగా వినియోగదారు ఒక్కసారి కూర్చుని ముగించే లక్ష్యాల పేర్లను మాత్రం యూజ్ కేస్‌లుగా రాసుకోవాలి: అద్దె చెల్లింపు, గది ఖాళీ చేయడం, అడ్వాన్సు తిరిగి తీసుకోవడం, భోజనం వద్దనడం. ఇవి ఒక పేజీలో సరిపోతాయి. ‘లాగిన్ అవడం’ ఇందులో రాదు, లాగిన్ కావడం కోసం ఎవరూ యాప్ తెరవరు కనుక. యూజ్ కేస్‌లను ఏ స్థాయిలో రాయాలన్న విషయాన్ని వివరిస్తూ, వినియోగదారు లక్ష్యాల ఈ స్థాయిని ఆలిస్టర్ కాక్‌బర్న్ సముద్రమట్టంతో పోల్చారు. అంతకు కిందికి దిగి బటన్లు, రంగులు, గడుల పొడవులు రాయడం మొదలుపెడితే పత్రం ఉబ్బిపోతుంది గాని తెలిసేది పెరగదు. మనిషి బొమ్మలు, అండాకారాలు గీసిన చిత్రాన్నే యూజ్ కేస్ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. చిత్రం విషయసూచిక వంటిది, సారం అంతా రాసిన అంచెల్లో ఉంటుంది.

ఆ పేజీలోని వాటిలో పూర్తిగా విప్పి రాయవలసినవి కొద్దిగానే ఉంటాయి. డబ్బు చేతులు మారేవి, వెనక్కి తిప్పలేనివి, ముగ్గురు నలుగురు పాల్గొనేవి, జవాబు వెంటనే కాక తర్వాతెప్పుడో వచ్చేవి అయితే రాయాలి. మన ఉదాహరణలో అద్దె చెల్లింపు, అడ్వాన్సు వాపసు ఈ కోవలోకి వస్తాయి. భోజనం సంగతి రాదు. విప్పి రాసిన యూజ్ కేస్‌ను ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక్కో స్టోరీగా బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయవలసిన పనుల జాబితాలో, పెట్టుకోవచ్చు. జాకబ్‌సన్ తన సహచరులతో కలిసి 2011లో ప్రకటించిన యూజ్ కేస్ 2.0లో ఈ ముక్కల ఆలోచననే ప్రధానంగా చెప్పారు. అద్దె చెల్లింపులో మొదటి ముక్క ప్రధాన మార్గం. కాని 4అ లేకుండా దాన్ని విడుదల చేయకూడదు. ఆ స్థితిని గుర్తించి, మేనేజరు చేత్తో సరిచూసుకునే వీలైనా మొదటి ముక్కలోనే ఉండాలి. 4ఆ రెండో స్ప్రింట్‌కు ఆగవచ్చు. టీము పత్రాలు ఉంచుకునే కాన్‌ఫ్లుయెన్స్‌లో యూజ్ కేస్ పేజీ, జిరాలో స్టోరీ, స్టోరీలో అంచె సంఖ్య: ఇంతకు మించిన ఏర్పాటు అవసరం లేదు.

ఇప్పటికే వందల స్టోరీలు మూసేసిన టీము వెనక్కి వెళ్లి అన్నిటికీ యూజ్ కేస్‌లు రాయబోతే ఆ పని ఎన్నటికీ తెమలదు. ప్రొడక్షన్‌లో, అంటే వినియోగదారులు నిజంగా వాడుతున్న చోట, ఎక్కువ బగ్‌లు వస్తున్న ఒక్క ప్రవాహాన్ని ఎంచుకుని, డెవలపర్ కోడ్ చూసి, టెస్టర్ తన టెస్టులు చూసి, ఒకరి కాగితం ఒకరికి చూపకుండా అంచెలు, చీలికలు విడివిడిగా రాయాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన అంచెలను ప్రశ్నలుగా మార్చి, ఆ సాయంత్రం కాల్‌కు ముందే నిర్ణయాధికారం ఉన్న మనిషికి పంపాలి.